కుండీ లేని నారు: మట్టి దిమ్మెలు చేసుకునే పద్ధతి

తడిపిన ఎరువు మట్టిని అచ్చులో గట్టిగా అదిమి, ఇటుక తీసినట్లు బయటికి తోసి, ఆ దిమ్మె నెత్తిన ఉన్న చిన్న గుంటలో విత్తనం వేసి నారు పెంచడాన్ని సాయిల్ బ్లాక్ పద్ధతి అంటారు. తెలుగులో మట్టి దిమ్మె అంటే సరిపోతుంది. ఇందులో కుండీ ఉండదు, ప్రోట్రే (నారు పెంచే గుంటల ప్లాస్టిక్ ట్రే) ఉండదు, నల్ల పాలిథిన్ సంచీ ఉండదు. మట్టే కుండీ, మట్టే మడి. నాగావళి, వంశధార ఒడ్డున ఇటుకలు కోసే చోట కాసేపు నిలబడి చూసినవారికి ఈ పని సగం తెలిసినట్లే. తేడా ఒక్కటే ఉంది: ఇటుక ఎండాలి, దిమ్మె ఎన్నడూ ఎండకూడదు. ఈ పద్ధతిలో చేతికి అలవాటు కావలసిన పనులన్నీ ఆ ఒక్క తేడా చుట్టూనే తిరుగుతాయి.

శ్రీకాకుళంలో మా డాబా మీద పదేళ్లకు పైగా కూరగాయల నారు పెంచుతున్నాను. మొదట్లో పెళ్లి భోజనాల దగ్గర మిగిలిన ప్లాస్టిక్ గ్లాసులకు అడుగున కన్నం పెట్టి వాడేవాణ్ణి. 2022 జూలై 1 నుంచి అటువంటి గ్లాసులు, పళ్లేలు దేశమంతటా నిషేధంలోకి వచ్చాయి గాని, నేను వాటిని వదిలిపెట్టింది అందుకు కాదు. వంగ నారును గ్లాసులోంచి తీసినప్పుడల్లా వేళ్లు అడుగున చుట్టలు చుట్టుకుని, గిన్నెలు తోమే పీచులా ముద్ద కట్టి కనిపించేవి. నాటిన తరువాత వారం, పది రోజులు మొక్క ఉలుకూ పలుకూ లేకుండా ఉండేది. ఒకసారి నాటిన నెలకు వాడిపోయిన మొక్కను పీకి చూస్తే, అప్పటికీ దాని వేళ్లు గ్లాసు ఆకారం దాటలేదు.

దిమ్మెలో ఆ చుట్టలు పడవు. వేరు దిమ్మె అంచుకు వచ్చి గాలి తగలగానే దాని కొన ఎండి ఆగిపోతుంది. ఆగిన చోటికి వెనుక నుంచి పక్క వేళ్లు పుట్టుకొస్తాయి. అలా మూడు నాలుగు వారాలలో దిమ్మె నిండా సన్నని వేళ్ల వల అల్లుకుంటుంది, ప్రతి కొనా అంచు దగ్గరే ఆగి ఉంటుంది. దిమ్మెను నేలలో పెట్టి చుట్టూ తడి మట్టి అదిమిన మరుక్షణం ఆ కొనలకు దారి తెరుచుకున్నట్లవుతుంది. మొక్కను కుండీ నుంచి పీకడం, వేళ్లు తెగడం, మట్టి రాలడం అనే దశ మొత్తం ఇక్కడ తప్పిపోతుంది.

ఇది మనకు బొత్తిగా కొత్త సంగతి కాదు. తక్కువ నీటితో, లేత నారుతో చేసే శ్రీ వరి సాగులో 8 నుంచి 12 రోజుల నారును వేళ్లకు అంటిన మట్టితో సహా నాటడం మన రైతులకు తెలుసు; యంత్రంతో నాటడానికి చాపలా పెంచే నారు కూడా ఆ కోవలోదే. మెక్సికోలోని షోచిమిల్కో ప్రాంతపు రైతులు నీటి అడుగున ఉండే బురదను తెచ్చి పరచి, అది కొంచెం గట్టిపడ్డాక కత్తితో చదరాలుగా కోసి, ఒక్కొక్క చదరంలో ఒక్కొక్క విత్తనం పెట్టడం శతాబ్దాలుగా చేస్తున్నారు. యూరప్‌లో, ముఖ్యంగా హాలండ్‌లో, వాణిజ్య నర్సరీలు ఈ పనికి యంత్రాలనే తయారు చేసుకున్నాయి. అయితే వారి మిశ్రమానికి ఆధారం పీట్, అంటే చిత్తడి నేలల్లో వేల ఏళ్లుగా పేరుకున్న నాచు. మనకు పీట్ లేదు, ఉద్దానం కొబ్బరి పొట్టు ఉండగా దాని అవసరమూ లేదు. కాకపోతే పీట్‌కు ఉన్న పట్టు కొబ్బరి పొట్టుకు ఉండదు. విదేశీ కొలతలలో పీట్ తీసేసి అంతే కొబ్బరి పొట్టు వేసినవారి దిమ్మెలు ముట్టుకుంటే విరిగిపోవడానికి కారణం ఇదే. ఆ పట్టును మనం వేరే చోట నుంచి తెచ్చుకోవాలి. మన ఊళ్లలో అది చెరువు మట్టిలో ఉంది.

మిశ్రమం

మొదట కొబ్బరి పొట్టు సంగతి. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు వైపు కొబ్బరి పీచు తీసే చోట పొట్టు బస్తాలలో దొరుకుతుంది. లేకపోతే విత్తనాల దుకాణాలలో కోకోపిట్ పేరుతో ఇటుకలుగా అమ్ముతారు. 5 కిలోల ఇటుక నీళ్లు పోస్తే ఉబ్బి సుమారు 70 లీటర్ల పొట్టు అవుతుంది. ఏ రూపంలో తెచ్చినా దానిని కడగకుండా వాడకూడదు. కొబ్బరి పీచులో సహజంగానే పొటాషియం, సోడియం లవణాలు ఉంటాయి. పీచును ఉప్పునీటిలో నానబెట్టి ఉంటే అవి మరింత పెరుగుతాయి. మొదటి ఏడాది నేను ఒక దుకాణంలో కొన్న ఇటుకను, పైన 'కడిగినది' అని రాసి ఉందన్న ధీమాతో, నేరుగా కలిపేశాను. టమాటా మొలకలు నాలుగో ఆకు వేసే సరికి ఆకుల అంచులు మాడి, పై నుంచి ఎవరో అగ్గిపుల్ల చూపించినట్లు అయ్యాయి. అరవై దిమ్మెలూ పెంటపోగు పాలయ్యాయి.

కడగడం పెద్ద పని కాదు. పొట్టును గోనె సంచిలో పోసి మూతి కట్టి, నీళ్ల డ్రమ్ములో ఒక రోజంతా నానబెట్టాలి. మరునాడు బయటికి తీసి, నీరు ధారగా కారడం ఆగే వరకు వేలాడదీసి, డ్రమ్ములో నీళ్లు మార్చి మళ్లీ ముంచాలి. ఇలా మూడు రోజులు చేస్తే మొదటి రోజు టీ డికాక్షన్ రంగులో వచ్చిన నీరు మూడో రోజుకు లేత పసుపుకు దిగుతుంది. రంగు తగ్గినంత మాత్రాన ఉప్పు పోయిందని అనుకోకూడదు. ఇంట్లో తాగునీటి టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల కొలత) చూసే మీటరు ఉంటే దానితో కారే నీటిని కొలవాలి. అది పోసిన నీటి కొలతకు దగ్గరగా వచ్చే వరకు కడగాలి. తీరం వైపు ఉన్నవారికి బోరు నీరే ఉప్పగా ఉంటే వాన నీటిని పట్టి వాడుకోవడం తప్ప వేరే దారి లేదు. ఉప్పునీటితో ఎన్నిసార్లు కడిగినా ఉప్పు పోదు కదా.

కొబ్బరి పొట్టు తేమను పట్టుకుంటుంది, గాలి ఆడనిస్తుంది, అంతకు మించి మొక్కకు తిండి పెట్టదు. పైగా అది కుళ్లే క్రమంలో చుట్టూ ఉన్న నత్రజనిని తానే లాక్కుంటుంది. అందుకని దానికి తోడుగా బాగా చివికిన గత్తం (పశువుల ఎరువు) గాని, వర్మీకంపోస్టు గాని ఉండాలి. గత్తం చివికిందో లేదో ముక్కుతోనూ చేతితోనూ తెలుస్తుంది: పోగులోకి మోచేతి వరకు చెయ్యి పెడితే వేడి తగలకూడదు, పేడ వాసన రాకూడదు, వాన పడ్డ మట్టి వాసన రావాలి. మా ప్రాంతంలో పొలాలకు తోలే గత్తం చాలామటుకు సగం చివికినదే. పొలానికి అది చాలు గాని దిమ్మెకు పనికిరాదు. గడ్డి పరకలు, కంకి ముక్కలు అచ్చులో అడ్డుపడి దిమ్మెను చీలుస్తాయి. మేస్త్రీలు ఇసుక చాళించే జల్లెడలో, అర సెంటీమీటరు మించని కన్నాలు ఉన్నదానిలో, జల్లించిన తరువాతే దానిని వాడాలి.

మూడవది చెరువు మట్టి. ఏప్రిల్, మే నెలల్లో చెరువు ఎండి నెర్రెలు వేసినప్పుడు పై పెడ్డలను తెచ్చి, బాగా ఎండబెట్టి, కర్రతో కొట్టి, సన్నని జల్లెడ పట్టి, ఒక బస్తాలో దాచుకుంటే ఏడాదికి సరిపోతుంది. అందులోని ఒండ్రు, బంక కలిసి పొట్టును పట్టి ఉంచుతాయి. చెరువు దగ్గరలో లేనివారు పుట్టమన్ను వాడవచ్చు. అది ఇంకా నున్నగా, ఇంకా జిగురుగా ఉంటుంది కనుక కొంచెం తగ్గించి వేయాలి. పెరటిలోని ఎర్రమట్టిని మాత్రం నేరుగా ఎక్కువ కలపవద్దు. ఒక విడత నేను సగానికి సగం ఎర్రమట్టి కలిపాను. దిమ్మెలు చూడముచ్చటగా, అంచులు కోసినట్లు వచ్చాయి. వారం తిరిగే సరికి గట్టిపడి, మిరప మొలకలు పైకి రాలేక వంకర తిరిగి లోపలే చచ్చిపోయాయి. దిమ్మె అందంగా వస్తే మిశ్రమం బాగుందని అనుకోవడం కొత్తలో అందరూ చేసే పొరపాటే.

కొలత బరువుతో కాదు, గిన్నెతో. మూడు గిన్నెల కడిగిన కొబ్బరి పొట్టు, రెండు గిన్నెల జల్లించిన గత్తం లేక వర్మీకంపోస్టు, ఒక గిన్నె చెరువు మట్టి. పుట్టమన్ను అయితే ముప్పాతిక గిన్నె చాలు. మా ఇంట్లో ఈ పాళ్లు కుదిరాయి. మీ గత్తం జిగురుగా ఉంటే మట్టిని తగ్గించుకోవచ్చు, పొడిపొడిగా ఉంటే పెంచుకోవచ్చు.

నారుకుళ్లు తెగులుకు ముందుగానే జాగ్రత్త పడాలి. మొలక మొదలు దగ్గర నీరు పట్టినట్లు మెత్తబడి, రాత్రికి రాత్రి పక్కకు వాలిపోయే ఆ తెగులు పితియం వంటి, శిలీంధ్రాలను పోలిన సూక్ష్మజీవుల వల్ల వస్తుంది. ఒకసారి కనిపించాక మందు కోసం పరుగెత్తి లాభం ఉండదు. 90 కిలోల పశువుల ఎరువులో 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా విరిడి (తెగుళ్లను అణచే మేలైన శిలీంధ్రపు పొడి) కలిపి వృద్ధి చేసుకోవడం రైతులకు తెలిసిన పద్ధతే. ఇంటి మట్టుకు దానిని పదోవంతుకు తగ్గించి, 9 కిలోల గత్తానికి కిలో వేపపిండి, 200 గ్రాముల ట్రైకోడెర్మా పొడి కలిపి, కొంచెం తడిపి, నీడలో పోగు పెట్టి, పైన తడి గోనె పట్టా కప్పి పది రోజులు ఉంచాలి. పోగు మీద పచ్చని బూజు కనిపిస్తే పని జరిగినట్లు. మిశ్రమంలో వేసే రెండు గిన్నెల గత్తం ఈ పోగులోంచి తీసుకుంటే సరిపోతుంది. చెరువు మట్టిలోని కలుపు గింజలు, పురుగు గుడ్లు చావడానికి దాని మీద మరిగే నీళ్లు పోసి ఆరబెట్టుకోవచ్చు. కానీ ట్రైకోడెర్మా కలిపిన గత్తం మీద వేడినీళ్లు పోయకూడదు, అందులో మనం పెంచినదే చచ్చిపోతుంది.

అచ్చు

విదేశాలలో ముప్పావు అంగుళం, రెండు అంగుళాలు, నాలుగు అంగుళాలు అని మూడు సైజుల్లో అచ్చులు అమ్ముతారు. ఇంటి కూరగాయలకు రెండు అంగుళాలది ఒక్కటి చాలు. దానిని కొనే బదులు ఊళ్లో వెల్డింగ్ షాపులోనే చేయించుకోవచ్చు. 50 మిల్లీమీటర్ల చదరపు ఇనుప పైపు ముక్కను 8 సెంటీమీటర్ల పొడవున కోయించి, లోపలి అంచులు ఆకురాయితో నున్నగా రాయించాలి. పైపు గోడ 2 మిల్లీమీటర్ల మందం ఉంటే లోపల 46 మిల్లీమీటర్లు ఖాళీ మిగులుతుంది. అందులో వదులుగా ఆడేటట్లు 44 మిల్లీమీటర్ల చదరపు రేకును కోసి, దానికి జానెడు కడ్డీని నిలువుగా అతికించాలి. రేకు అడుగున నడిమధ్య ఒక చిన్న బోల్టు తలను వెల్డింగ్ చేయిస్తే దిమ్మె నెత్తిన విత్తనం గుంట దానంతటదే పడుతుంది. అచ్చు అడుగున ఐదు సెంటీమీటర్ల ఖాళీ ఉండేట్లు కడ్డీకి ఒక ఆపుడు మేకు పెట్టించడం మరచిపోవద్దు; లేకపోతే ఒక దిమ్మె పొట్టిగా, ఒక దిమ్మె పొడుగ్గా వచ్చి, నీరు ఒక్కొక్కటి ఒక్కో రకంగా తాగుతాయి.

వెల్డింగ్ వరకు వెళ్లడం ఎందుకు అనుకునేవారు 50 మిల్లీమీటర్ల పీవీసీ పైపు ముక్క తీసుకుని, అందులో దూరే గుండ్రని కర్రను తోపుడుగా వాడవచ్చు. దిమ్మె గుండ్రంగా వస్తుంది, మొక్కకు ఏమీ తేడా లేదు. ప్లాస్టిక్ వద్దని ప్లాస్టిక్ పైపు వాడడమేమిటని మా ఇంట్లో నన్ను నిలదీశారు. వంద గ్లాసుల బదులు జీవితానికి ఒక్క ముక్క అని సర్దిచెప్పుకున్నాను.

నీరు కలపడం, దిమ్మె తీయడం

ఈ పని మొత్తంలో నేర్చుకోవలసినది ఏదైనా ఉంటే అది ఇక్కడే ఉంది. కుండీలో నింపే మట్టి చేతిలో పిసికితే ముద్ద కట్టాలి, వదిలితే రాలాలి అంటారు. దిమ్మెకు ఆ తడి చాలదు. కుండీ గోడ చేసే పనిని ఇక్కడ మొదటి రెండు వారాలు తేమ చేయాలి, ఆ తరువాత వేళ్లు చేస్తాయి. కనుక పిడికిట పట్టి పిసికినప్పుడు వేళ్ల సందుల నుంచి నాలుగైదు చుక్కలు కారేంత తడి ఉండాలి, ధార కట్టకూడదు. గారెల పిండి రుబ్బిన చేతులకు ఇది చెప్పనక్కరలేదు: తట్టితే నిలవాలి, అరచేతికి అంటుకుని రాకూడదు, గిన్నెను వంచితే జారకూడదు. సుమారుగా మూడు గిన్నెల మిశ్రమానికి ఒక గిన్నె నీరు పడుతుంది గాని, పొట్టు ముందే తడిసి ఉంటుంది కనుక కొలత చూసి ఒకేసారి పోయవద్దు. సగం పోసి, రెండు చేతులతో అడుగు నుంచి పైకి కలిపి, గంటసేపు గోనె పట్టా కప్పి వదిలేసి, తరువాత మిగతాది చిలకరించుకోవాలి. ఆ గంటలో పొట్టు నీటిని పూర్తిగా పీల్చుకుంటుంది. ఆ గంట ఆగని రోజున నా దిమ్మెలు పైకి తడిగా, లోపల పొడిగా వచ్చి, ట్రేలోకి దించేటప్పుడే పగిలాయి.

వంద దిమ్మెలకు వదులుగా కొలిస్తే 15 లీటర్ల మిశ్రమం, అంటే పెయింటు బకెట్టుకు ముప్పాతిక వంతు, కావలసి వస్తుంది. తడిపిన మిశ్రమాన్ని గచ్చు మీద నాలుగు అంగుళాల మందాన పోగు చేయాలి. అచ్చును నీళ్లలో ముంచి తీసి, పోగులోకి నిలువుగా దింపి, అడుగు గచ్చుకు తగిలే వరకు ఒత్తి, అటూ ఇటూ తిప్పుతూ రెండు మూడుసార్లు కుదించాలి. పైకి ఎత్తి అడుగు చూస్తే మట్టి అచ్చు అంచుకు సమంగా నిండి ఉండాలి. గుంటలు కనిపిస్తే మళ్లీ కుదించాలి. ఎక్కువైన మట్టిని కొబ్బరి ఈనెతోనో, అరచేతి అంచుతోనో తుడిచేసి, అచ్చును ట్రే మీద ఆనించి, కడ్డీని ఒక్కసారి గట్టిగా అదిమి, అదిమి ఉంచిన చేతితోనే దిమ్మె గట్టిపడ్డట్లు తెలిసే వరకు ఆగి, తరువాత కడ్డీని కదలనీయకుండా అచ్చు గోడను మాత్రం పైకి లాగాలి. చాలామంది కడ్డీని కిందికి తోస్తారు. అప్పుడు దిమ్మె పొట్ట పగులుతుంది. గోడ పైకి రావాలి, దిమ్మె ఉన్నచోట ఉండాలి. ప్రతి ఐదు దిమ్మెలకు ఒకసారి అచ్చును నీళ్లలో ముంచితే మట్టి అంటుకోదు. తీసిన దిమ్మెను రెండు వేళ్లతో పట్టి పైకి ఎత్తి చూడాలి. అంగుళం ఎత్తు నుంచి ట్రే మీదికి వదిలితే విరగకుండా కూర్చుంటే మిశ్రమం కుదిరినట్లే.

దిమ్మెలను ఒకదానికొకటి తగలనీయకుండా చిటికెన వేలు దూరేంత సందు వదిలి పేర్చాలి. సందు లేకపోతే వేళ్లు పక్క దిమ్మెలోకి పాకి, నాటేనాటికి కవలలను విడదీసే పని పడుతుంది. ట్రేగా వెదురు చేట, పాత అల్యూమినియం పళ్లెం, చెక్క పలక ఏదైనా సరే, బరువుకు వంగకూడదు. నేను వాడేది పండ్ల పెట్టె చెక్కలతో చేసిన, అడుగున దోమతెర జాలీ వేసిన ట్రే. జాలీ కింద కూడా గాలి ఆడితే అడుగు వేళ్లు సైతం అక్కడే ఆగుతాయి.

విత్తనం

చిన్న గింజలను, అంటే టమాటా, వంగ, మిరపలను, దిమ్మెకు ఒక్కొక్కటి చొప్పున వేయాలి. తడిపిన అగ్గిపుల్ల కొనకు గింజ అంటుకుని వస్తుంది. దానిని గుంటలో తాకించి వదిలేసి, పొడి వర్మీకంపోస్టును చిటికెతో పైన చల్లాలి. మొలక శాతం మీద అనుమానం ఉన్న పాత విత్తనమైతే రెండేసి వేసి, తరువాత బలహీనమైనదానిని పీకకుండా కత్తెరతో మొదలంటా కత్తిరించాలి. వేయడానికి ముందు విత్తనానికి ట్రైకోడెర్మా పొడిని కిలోకు 4, 5 గ్రాముల చొప్పున పట్టించడం మంచిది. ఇంటి మట్టుకు పొట్లంలో ఒక చిటికె వేసి ఊపితే చాలు. ఆవు పేడ, మూత్రంతో బీజామృతం (విత్తనాలకు పట్టించే ద్రావణం) చేసుకునేవారు అదే వాడుకోవచ్చు.

ఈ పద్ధతి నిజంగా రాణించేది తీగ జాతుల దగ్గర. ఆనప, బీర, పొట్ల, కాకర, గుమ్మడి వేరు కదిపితే ఓర్చుకోలేవు, అందుకే మన పెద్దలు వాటిని పాదులోనే నేరుగా పెట్టేవారు. దిమ్మెలో పెంచితే వేరు కదలదు కనుక, పాదుకు చోటు కుదిరే లోపల పది, పదిహేను రోజులు కలిసి వస్తాయి. కాకర, పొట్ల గింజల పెంకు గట్టిది; రాత్రంతా నానబెట్టి, మొన వైపు కిందికి ఉండేటట్లు బొటనవేలితో అదమాలి. ముల్లంగి, క్యారెట్టు వంటి దుంపలకు ఈ పద్ధతి వద్దు. జీడి, మామిడి వంటి చెట్లకు కూడా రెండు అంగుళాల దిమ్మె ఏ మూలకూ చాలదు, వాటి తల్లివేరు వారంలోనే అడుగు దాటుతుంది.

విత్తాక ట్రేను నీడలో పెట్టి తడి గోనె పట్టా కప్పాలి. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాలలో గోనెకు కొదవ లేదు, ఒకప్పుడు ఇంటింటా గోగునార ఉండేది. మూడో రోజు నుంచి పొద్దున్నా సాయంత్రమూ పట్టా ఎత్తి చూడాలి. ఒక్క మొలక తల ఎత్తినా పట్టా తీసేయాలి. ఒక పూట ఆలస్యమైతే మొలకలు వెలుతురు కోసం సాగి, దారంలా సన్నబడతాయి. టమాటా 4 నుంచి 7 రోజులలో, వంగ వారం పైన, మిరప పది రోజుల వరకు తీసుకుని మొలుస్తాయి. మొలిచిన నాటి నుంచి ఉదయపు ఎండ మూడు గంటలైనా పడాలి. మధ్యాహ్నం ఎండకు షేడ్‌నెట్ గాని, కొబ్బరి ఆకుల పందిరి గాని ఉంటే చాలు.

నీరు పెట్టడం, కాపలా

మొదటి రెండు వారాలు పై నుంచి చెంబుతో గాని, పూలకు నీళ్లు పోసే డబ్బాతో గాని పోయకూడదు. బట్టలు ఇస్త్రీ చేసేటప్పుడు వాడే చేతి స్ప్రేయరుతో మంచులా కొట్టాలి. అంతకంటె మంచిది అడుగు నుంచి పెట్టడం: ట్రే కింద మడత పెట్టిన గోనె పట్టాను తడిపి పరిస్తే దిమ్మెలు వాటికి కావలసినంత పీల్చుకుంటాయి. ఏప్రిల్, మే నెలల్లో రోజుకు మూడుసార్లు చూడాలి. మార్గశిరంలో ఒకసారి చాలు. దిమ్మె రంగు ముదురు గోధుమ నుంచి లేత రంగుకు మారుతూ ఉంటే నీటి వేళ అయినట్లు. పూర్తిగా ఎండిపోయిన దిమ్మె మీద పోసిన నీరు పక్కల నుంచి జారిపోతుందే గాని లోపలికి దిగదు. అటువంటిదానిని పళ్లెంలో అర సెంటీమీటరు నీటిలో గంటసేపు నిలబెడితే కొన్నిసార్లు తేరుకుంటుంది.

ఎండ కంటె మన తీరంలో పెద్ద గండం అక్టోబరు. 2014లో హుద్‌హుద్ అక్టోబరు 12న, 2018లో తిత్లీ అక్టోబరు 11న తీరం దాటాయి. రబీ కూరగాయల నారు పెరుగుతూ ఉండేది కూడా సరిగ్గా ఆ రోజులలోనే. అంతంత తుఫానులు అక్కరలేదు, ఒక్క రాత్రి జడివాన చాలు. మబ్బు లేదు కదా అని ఒకసారి ట్రేను డాబా మీదే వదిలి పడుకున్నాను. తెల్లవారి చూస్తే యాభై దిమ్మెలు కలిసిపోయి ఒకే రొట్టెలా పరచుకున్నాయి, మొలకలు అందులో పడి తేలుతున్నాయి. వేళ్లు అల్లుకోని దిమ్మెను వాన నుంచి దాచాలి. మూడు వారాలు దాటిన దిమ్మె మాత్రం వానకు అంత తేలికగా కరగదు.

చీమలు గింజలను ఎత్తుకుపోతాయి, ముఖ్యంగా టమాటా గింజలను. వంటింటి అలమర కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టినట్లే ట్రే పెట్టిన బల్ల కాళ్ల కిందా పెట్టాలి. కోళ్లు, ఉడుతలు దిమ్మెలను గెలుకుతాయి, జాలీ కప్పక తప్పదు. రెండు వారాల తరువాత కింది ఆకులు పసుపెక్కితే తిండి చాలలేదని అర్థం. వడకట్టిన జీవామృతం (ఆవు పేడ, మూత్రం, బెల్లం కలిపి పులియబెట్టిన ద్రావణం) ఒక పాలుకు ఇరవై పాళ్ల నీరు కలిపి అడుగు పట్టాకు పోస్తే వారంలో పచ్చబడతాయి.

నాటడం

దిమ్మె పక్కల మీద తెల్లని వేళ్ల కొనలు కనిపించడమే నాటే వేళకు గుర్తు. తీగ జాతులకు అది 10 నుంచి 15 రోజులలో, టమాటాకు 20 నుంచి 25 రోజులలో, వంగకు నాలుగు వారాలకు, మిరపకు ఐదు వారాలకు అటూ ఇటూగా వస్తుంది. వేళ్లు గోధుమ రంగుకు తిరిగాయంటే ఆలస్యమైనట్లు. నాటడానికి నాలుగైదు రోజుల ముందు నుంచి నీడ తగ్గించి ఎండకు అలవాటు చేయాలి, నీరు కొంచెం వెనుక పెట్టాలి, వాడనీయకూడదు.

సాయంత్రం పూట, నాటడానికి గంట ముందు దిమ్మెలను బాగా తడపాలి. నేలలో అదే కొలత గుంట తీసి, నీళ్లు పోసి, అవి ఇంకాక దిమ్మెను దింపి, నాలుగు పక్కలా మట్టి అంటుకునేటట్లు వేళ్లతో అదమాలి. పక్కన ఖాళీ మిగిలితే అది గాలి గోడ అవుతుంది, వేరు దానిని దాటదు. దిమ్మె నెత్తి పైన కనీసం ఒక సెంటీమీటరు మట్టి కప్పాలి. పైకి తేలి ఉన్న దిమ్మె దీపం వత్తిలా లోపలి తేమనంతా గాలిలోకి తోడేస్తుంది. టమాటాను మొదటి ఆకుల దాకా లోతుగా పెట్టినా నష్టం లేదు, కాండం నుంచి కూడా వేళ్లు వేస్తుంది. వంగ, మిరపలను దిమ్మె మీద సెంటీమీటరుకు మించి పూడ్చవద్దు.

మరునాడు ఎండకు ఆకులు కొంచెం వాలినా సాయంత్రానికి లేస్తాయి. నాలుగైదు రోజుల తరువాత ఏదో ఒక మొక్క పక్కన మట్టిని వేలితో మెల్లగా తొలగించి చూడండి. దిమ్మె అంచు దాటి తెల్లని వేళ్లు కొత్త నేలలోకి సాగి ఉంటాయి. చూశాక మట్టిని మళ్లీ అదిమి, చెంబెడు నీళ్లు పోయండి.